పాత సెస్నా 172లో ఫ్యూయెల్ ట్యాంక్ గ్యాస్కెట్ మార్చడం – నా అనుభవం

ముందు విమానం సంగతి చెప్తా. నాది 1957 మోడల్ సెస్నా 172, నలుగురు కూర్చునే చిన్న విమానం. తోక నిటారుగా ఉంటుంది, వెనక కిటికీ ఉండదు, ముందు ఆరు సిలిండర్ల కాంటినెంటల్ ఓ-300 ఇంజిన్, 145 హార్స్‌పవర్. 172 మొదలైందే 1956లో కాబట్టి ఇది బాగా పాత తరంది. రెక్కలు పైన, ట్యాంకులు ఆ రెక్కల్లోపల, ఒక్కోటి 21 గ్యాలన్లు, రెండూ కలిపి 42, అంటే ఓ 159 లీటర్లు. ఫ్యూయెల్ పంపు లాంటిదేం లేదు, పైన ట్యాంక్, కింద ఇంజిన్, దానంతటదే దిగుతుంది. సింపుల్. ఆ సింపుల్ దానిలోనే ఒక అరచేతిలో పట్టేంత కార్క్ ముక్క, అదే అతుకు దగ్గర లీక్ ఆపే గ్యాస్కెట్, నా నాలుగు వీకెండ్లు తినేసింది.

మొదలు వాసనతో. పొద్దున తలుపు తీయగానే గుప్పుమని పెట్రోల్ వాసన. పాత విమానం కదా, కాస్త వాసన మామూలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని చాలా రోజులు లాగించేశా, అదీ నేను చేసిన మొదటి తప్పు. ప్యానెల్‌లో ప్రైమర్ నాబ్ ఉంటుంది కదా, చలిలో స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్‌లోకి కాస్త పెట్రోల్ పంపడానికి లాగి నొక్కేది, దాని లోపలి ఓ-రింగ్, అంటే రబ్బరు రింగు, అరిగితే కూడా క్యాబిన్‌లో ఇలాగే వాసన వస్తుంది, సో అదే అనుకున్నా. దాని ఓ-రింగులు మార్పించా. వాసన పోలేదు.

తర్వాత అనుమానం ఫ్యూయెల్ క్యాప్ మీదకి పోయింది. ఎడమ రెక్క పైన క్యాప్ వెనకాల సన్నగా నీలం చార ఉంది. 100 ఎల్ఎల్ ఎవ్‌గ్యాస్‌కి, అంటే ఈ విమానాల్లో పోసే పెట్రోల్‌కి, నీలం రంగు కలుపుతారు, లీక్ అయిన చోట పెట్రోల్ ఆవిరైపోయినా రంగు మాత్రం మరకలా ఉండిపోతుంది, పాత విమానాలున్న వాళ్లకి అదొక వరం అనుకోండి. క్యాప్ కింద గ్యాస్కెట్ చూస్తే గోరుతో నొక్కినా దిగట్లేదు, చెక్కలా అయిపోయింది. ఎగిరేటప్పుడు రెక్క పైభాగంలో ప్రెజర్ తక్కువ ఉంటుంది కాబట్టి క్యాప్ సరిగ్గా మూసుకోకపోతే ఆ గాలి పెట్రోల్‌ని పైకి పీల్చేస్తుంది, అదే క్యాప్ వానలో నీళ్లని లోపలికి రానిస్తుంది, రెండు వైపులా నష్టమే. రెండు క్యాపుల గ్యాస్కెట్లూ మార్చేశా, పావుగంట పని. వాసన పోయింది. ఓహో దొరికింది దొంగ అని తెగ సంబరపడ్డా.

అసలు జరిగింది ఏంటంటే ఆ రెండు వారాలూ నేను ట్యాంక్ సగం కంటే ఎక్కువ నింపలేదు. తర్వాత ఒక లాంగ్ ట్రిప్ కోసం రెండూ ఫుల్ చేయించి రాత్రంతా ఉంచితే పొద్దున్నే మళ్ళీ అదే వాసన, పైగా ఈసారి ఎడమ తలుపు పైన లోపలి సీలింగ్ గుడ్డ అంచున అరచేయంత నీలం మరక. వేలు పెడితే తడి. ట్రిప్ క్యాన్సిల్.

ట్యాంక్ ఫుల్‌గా ఉన్నప్పుడే కారుతోంది, సగంలో కారట్లేదు, అంటే లీక్ ట్యాంక్ అడుగున కాదు, పక్కన ఎక్కడో పైకి ఉంది. ఇంకో సంగతి కూడా అప్పుడే పట్టుకున్నా. నేను పార్క్ చేసే చోట నేల ఎడమవైపుకి కొంచెం వాలు. ఏ ట్యాంక్‌లోంచి పెట్రోల్ పోవాలో ఎంచుకునే ఫ్యూయెల్ సెలెక్టర్‌ని 'బోత్' మీద, అంటే రెండు ట్యాంకులూ తెరిచి, వదిలేస్తే రాత్రంతా కుడి ట్యాంక్ లోది మెల్లగా ఎడమ దానిలోకి దిగుతుంది. సో నేను సగమే నింపానని అనుకున్న రోజు కూడా పొద్దునకి ఎడమది మూడొంతులు అయ్యుండేది, అందుకే ఒక రోజు వాసన ఉండటం ఒక రోజు లేకపోవడం. ఈ ఒక్కటి ముందే అర్థమై ఉంటే ప్రైమర్ జోలికే పోయేవాణ్ణి కాదు.

ఈ మోడల్‌లో ట్యాంక్ లోపలివైపు గోడకి, అంటే రెక్క వచ్చి బాడీకి కలిసే చోట, ఫ్యూయెల్ సెండర్ ఉంటుంది. ఒక గుండ్రటి బిళ్ళ, దానికి లోపల ఒక చేయి, చేయి చివర ఫ్లోట్. ఫ్లోట్ లేచి దిగితే బిళ్ళలో రెసిస్టెన్స్ మారుతుంది, దాన్నిబట్టి ప్యానెల్‌లో గేజ్ సూది కదులుతుంది. ఆ బిళ్ళకీ ట్యాంక్‌కీ మధ్య ఒక కార్క్ గ్యాస్కెట్. అది మన తలకి పక్కనే, కొంచెం పైన ఉంటుంది. కారితే నేరుగా క్యాబిన్‌లోకే. వయసుకి కార్క్ ఎండి కుంచించుకుపోతుంది, ముఖ్యంగా ట్యాంక్ ఎప్పుడూ సగమే ఉంచితే పైభాగం పెట్రోల్ తగలక ఇంకా ఎండుతుంది.

మా మెకానిక్ గారికి ఫోన్ చేశా. లైసెన్స్ ఉన్నవాడు పక్కన ఉండి చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాల్సిన పని ఇది, ఓనర్ సొంతంగా చేసుకునే చిన్న పనుల్లోకి రాదు. ఆయన ఒప్పుకున్నారు కానీ ఒక షరతు, "పని నువ్వు చెయ్యి, నేను కుర్చీ వేసుకుని కూర్చుంటా, ఆపమంటే ఆపాలి" అన్నారు. సరే సార్ అన్నా.

మొదటి రోజంతా ట్యాంక్ ఖాళీ చేయడానికే. హ్యాంగర్ లోపల చేయనివ్వలేదు, విమానాన్ని బయటికి తోయించారు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి ఎక్కడో మూల చిన్న నిప్పు దొరికినా అంటుకుంటుంది. బ్యాటరీ నెగెటివ్ తీసేశా, ఫోన్లు కారులో పెట్టేశాం, మంట ఆర్పే సిలిండర్ చేతికందే దూరంలో. ప్లాస్టిక్ క్యాన్ తెచ్చా నేను, ఆయన దాన్ని చూసి నన్ను చూసి ఏం మాట్లాడకుండా వెళ్లి రెండు ఇనుప క్యాన్లు తెచ్చారు. పెట్రోల్ పారేటప్పుడు స్టాటిక్ కరెంట్ పుడుతుంది, ప్లాస్టిక్ మీద అది ఎటూ పోలేక అక్కడే ఉండిపోతుంది. విమానం నుంచి క్యాన్‌కి ఒక వైరు క్లిప్పులతో కలిపి ఆ తర్వాతే డ్రెయిన్ తెరిచాం. సన్నటి ధారే, తొందరపడితే ఏం లాభం లేదు. ఎడమ వైపు 60 లీటర్ల పైన వచ్చింది. ఖాళీ ట్యాంక్ అంటే ఇంక భయం లేదు అనుకున్నా, ఆయన "ఇప్పుడే ఎక్కువ భయం, నిండుగా ఉంటే లోపల గాలి ఉండదు, ఇప్పుడు మొత్తం ఆవిరీ గాలీ కలిసి ఉంది" అన్నారు. అది విన్నాక టార్చ్ కూడా ముట్టుకోలేదు ఆ రోజు.

రెండో వీకెండ్ ట్రిమ్ ప్యానెల్ విప్పి, ఆ నీలం మరకల గుడ్డ అంచు జరిపి చూస్తే సెండర్ కనపడింది. ఐదు స్క్రూలు. ఐదూ సమాన దూరంలో ఉండవు, సెండర్ ఒక్క పొజిషన్‌లోనే కూర్చోవాలని అలా చేశారు, ఇది గుర్తుపెట్టుకోండి తర్వాత పనికొస్తుంది. నాలుగు వచ్చాయి. ఐదోది, పైన వెనకవైపుది, కదల్లేదు. స్క్రూడ్రైవర్ నిలువుగా పెట్టే చోటు లేదు, మెడ వంచి, ఒక మోకాలు సీటు మీద, ఒక చెయ్యి తలుపు పట్టుకుని, కొంచెం వాలుగా పెట్టి బలం ఇచ్చా, స్క్రూ తల సగం నున్నగా అరిగిపోయింది. మెకానిక్ గారు ఆగమన్నారు. పెనెట్రేటింగ్ ఆయిల్ ఒక్క చుక్క పెట్టి, టీ తాగి వద్దాం పద అన్నారు. వచ్చాక ఆయనే పొట్టి స్క్రూడ్రైవర్‌కి స్పానర్ తగిలించి, ఒక చేత్తో గట్టిగా లోపలికి నొక్కుతూ ఇంకో చేత్తో మెల్లగా, మొదట బిగించే వైపు ఒక వెంట్రుకంత తిప్పి, తర్వాత విప్పే వైపు. టిక్ మని సౌండ్ వచ్చింది. ఆ టిక్ అంత హాయి ఇంకోటి లేదు.

సెండర్ బయటికి లాగాక అసలు సినిమా. కార్క్ నల్లగా, అక్కడక్కడ పెళుసుగా, కింద భాగం బానే ఉంది, పైభాగం చీలి ఉంది. అంతవరకు ఊహించిందే. కానీ దాని చుట్టూ తెల్లటి జిగట. వేలితో పట్టుకుంటే తెగిపోతోంది, సగ్గుబియ్యం ఉడికించినట్టు. ఎప్పుడో ఎవరో లీక్ ఆపడానికి మామూలు సిలికాన్ సీలెంట్ పూశారు, బాత్రూమ్‌లో వాడే టైపు. పెట్రోల్ తగిలితే ఆ సిలికాన్ ఉబ్బి, మెత్తబడి, ముక్కలై ఊడుతుంది. ఎవరు పూశారో లాగ్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు, ఉండదు కూడా, ఇలాంటివి ఎవరూ రాయరు. మెకానిక్ గారు మొదటిసారి కుర్చీలోంచి లేచారు. "గ్యాస్కలేటర్ విప్పు" అన్నారు.

ఇంజిన్ వెనక కింద ఉండే గిన్నె అది, ఇంజిన్‌కి పోయే పెట్రోల్ అంతా దానిలోంచే పోతుంది, లోపల జాలీ ఉంటుంది. విప్పితే జాలీ మీద బియ్యపు గింజలంత తెల్లటి ముక్కలు, నేను లెక్కపెట్టా, ఏడు. ఏడూ లైన్‌లోంచి వచ్చి ఇక్కడ ఆగాయి. ఇంకా పెద్దది ఏదైనా ట్యాంక్ అవుట్‌లెట్ దగ్గరే అడ్డం పడి ఉంటే? వాసన గురించి నేను ఇన్నాళ్లు విసుక్కున్నా గానీ నిజమైన ప్రమాదం వాసన రానిది. అవుట్‌లెట్ దగ్గరుండే వేలు ఆకారం జాలీ, స్ట్రెయినర్ అంటారు, దాన్ని కూడా తీసి చూశాం, దాని మీద రెండు ముక్కలు. కుడివైపుది కూడా తీశాం, అది శుభ్రంగా ఉంది.

క్లీనింగ్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, నిజానికి టైమ్ అంతా పోయేది ఇక్కడే. ట్యాంక్ పల్చటి అల్యూమినియం, ఇనుప స్క్రేపర్‌తో గీకితే గీత పడుతుంది, గీత పడితే అదే కొత్త లీక్‌కి దారి. ప్లాస్టిక్ పలకా, ఐస్‌క్రీమ్ పుల్ల లాంటి చెక్క ముక్కా, సాల్వెంట్ తడిపిన గుడ్డా, అంతే. ముందు ట్యాంక్ నోట్లో దారాలు ఊడని గుడ్డ ఒకటి కుక్కాం, గీకింది లోపల పడకుండా. ఎన్ని గుడ్డలు లోపలికి పోయాయో ఒక కాగితం మీద రాసి విండ్‌షీల్డ్‌కి అంటించమన్నారు, నాకు నవ్వొచ్చింది, ఒక్క గుడ్డకి కాగితం ఎందుకు అని. సాయంత్రం అయ్యేసరికి మూడు అయ్యాయి. సిలికాన్ పోయింది అనుకున్న చోట కూడా వేలు జారితే నున్నగా జిడ్డుగా తగులుతుంది, అది కూడా పోయేదాకా తుడవాలి, లేదంటే కొత్త సీలెంట్ అతుక్కోదు. రెండున్నర గంటలు. నడుం పట్టేసింది. గ్లౌవ్స్ లేకుండా మాత్రం వద్దు, ఎవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది.

కొత్త గ్యాస్కెట్ నైట్రైల్ రబ్బర్ కలిపిన కార్క్‌ది, అదే పార్ట్ నంబర్, కాగితాలతో సహా వచ్చింది. చూడ్డానికి ఎంత చిన్నగా ఉందో, దీనికోసమా ఇంత గోల అనిపించింది. ఐదు రంధ్రాలు సరిపోయేలా తిప్పి పెట్టా, సెండర్ ఫ్లోట్ చేయి వంగకుండా ఏటవాలుగా లోపలికి పోనిచ్చి, ఐదు స్క్రూలు చేత్తోనే ఎక్కించా. ఇంక బిగించడం. నాకు లీక్ మీద అంత కసి ఉంది కదా, ఒక్కోటీ ఇంక తిరగదు అనేదాకా బిగించా. వెనకనుంచి "ఏమయ్యా, దాన్ని చంపేస్తావా ఏంటి" అని వినపడింది కానీ అప్పటికే ఆలస్యం. స్క్రూల దగ్గర కార్క్ పెదవిలా బయటికి ఉబ్బింది, మధ్యలో బిళ్ళ కొంచెం పైకి లేచింది.

ఆయన తీయించలేదు. "నింపి చూడు, నీకే తెలుస్తుంది" అన్నారు. కాస్త కఠినమే గానీ ఇప్పుడు ఆలోచిస్తే మంచిదే అయింది. జాయింట్ చుట్టూ తెల్ల చాక్ పౌడర్ బ్రష్‌తో అద్దాం, తడి తగిలితే వెంటనే కనపడుతుందని. పావు ట్యాంక్, ఏం లేదు. సగం, ఏం లేదు. ముప్పావు దాటాక తెల్ల పొడిలో రెండు చోట్ల నీలం చుక్క పుట్టి, నా కళ్ళ ముందే సన్నటి గీతలా కిందకి దిగింది. మొదటిది రెండు స్క్రూల మధ్య, బిళ్ళ లేచిన చోట. రెండోది విచిత్రం, గ్యాస్కెట్ అంచునుంచి కాదు, స్క్రూ తల కిందనుంచే వస్తోంది.

మళ్ళీ క్యాన్లు, మళ్ళీ వైరు, మళ్ళీ సన్నటి ధార. అదీ మూడో వీకెండ్.

ఆ స్క్రూ రంధ్రాలు ట్యాంక్ లోపలిదాకా పోతాయి. పెట్రోల్ మర వెంబడే పాక్కుంటూ తల కిందకి వస్తుంది, గ్యాస్కెట్ ఎంత బాగున్నా దాన్ని ఆపలేదు. అందుకని ఒక్కో స్క్రూ తల కింద సీల్ చేసే వాషర్, మరకి పెట్రోల్‌కి తట్టుకునే సీలెంట్ కొద్దిగా. మొదటిసారి వాషర్లు వేయలేదు, ఎందుకంటే పాతదానిలో లేవు కాబట్టి అవసరం లేదనుకున్నా. పాతదానిలో ఉండేవేమో, ఆ సిలికాన్ మనిషి పారేసి ఉంటాడు. ఉబ్బిపోయిన గ్యాస్కెట్ పక్కన పడేసి ఇంకోటి తెప్పించా, ఒకసారి నలిగిన కార్క్ మళ్ళీ పనికిరాదు.

ఈసారి టార్క్ రెంచ్. మాన్యువల్‌లో అంకె అంగుళం-పౌండ్లలో ఉంటుంది, అడుగు-పౌండ్లు అనుకుని బిగిస్తే మర ఊడి చేతికొస్తుంది. ఒకదాని పక్కన ఒకటి కాకుండా నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా, ఒక్కోటీ కొంచెం కొంచెంగా మూడు రౌండ్లు. చివరి రౌండ్‌లో రెంచ్ టక్‌మన్నప్పుడు నా చెయ్యి నమ్మలేదు, ఇంత లూజుగానా అని. కార్క్ అంచు మాత్రం చుట్టూ ఒకేలా, దారమంత బయటికి, అంతే. సీలెంట్ ఆరడానికి వారం వదిలేశాం.

నాలుగో వీకెండ్ మెట్టుమెట్టుగా నింపాం. పావు, సగం, ముప్పావు, ఫుల్. ప్రతి మెట్టుకీ అరగంట. పౌడర్ తెల్లగానే ఉంది. ఫుల్‌లో రాత్రంతా వదిలేశా, సెలెక్టర్ ఎడమ మీద పెట్టి. పొద్దున తలుపు తీస్తే పాత లెదర్, దుమ్ము వాసన. ఇంకేం లేదు. ఎగిరి గంతేశా గానీ ఆ సంబరం ఒక నిమిషం కూడా నిలవలేదు, మాస్టర్ స్విచ్ వేస్తే ఎడమ గేజ్ సూది కదల్లేదు. ట్యాంక్ నిండుగా ఉంది, పుల్ల ముంచి చూస్తే పై గీత దాకా తడి, సూది మాత్రం చచ్చినట్టు పడుంది.

సెండర్ పాడు చేశానేమో అని తల పట్టుకున్నా. మెకానిక్ గారు మల్టీమీటర్ తెచ్చి ఒక కొస సెండర్ బిళ్ళకి, ఇంకో కొస విమానం బాడీకి పెట్టారు. కనెక్షనే లేదు. అప్పుడు వెలిగింది. కార్క్ కరెంట్ పోనివ్వదు, ఇన్నేళ్లూ ఆ ఉత్త స్క్రూల ద్వారానే గ్రౌండ్, అంటే కరెంట్ బాడీలోకి తిరిగి పోయే దారి, అందేది, ఇప్పుడు నేను వాటికి వాషర్లూ సీలెంటూ పెట్టి అదీ మూసేశా. నిజానికి అక్కడ ఒక గ్రౌండ్ వైరు ఉండాలి, ఉంది కూడా, చివర తుప్పు పట్టి తెగి లోపల వేలాడుతోంది. కొత్తది వేసి రెండు కొసలూ మెరిసేదాకా గీకి బిగించాం. సూది లేచి ఫుల్ మీద కూర్చుంది. అంటే అన్నేళ్లూ గేజ్ అప్పుడప్పుడు వణకడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది.

ఇదే మోడల్ విమానం ఒకటి 1958 డిసెంబర్ నుంచి 1959 ఫిబ్రవరి దాకా 64 రోజులకి పైగా దిగకుండా ఎగిరింది, లాస్ వేగాస్ దగ్గర, కింద పరిగెత్తే ట్రక్‌లోంచి పెట్రోల్ పైకి ఎక్కించుకుంటూ. ఇదివరకు అది వింటే ఇంజిన్ ఎలా తట్టుకుందో అనుకునేవాణ్ణి. ఇప్పుడైతే వాళ్ల సెండర్ గ్యాస్కెట్లు ఎలా ఉండేవో అనే ఆలోచన వస్తోంది.

లాగ్‌బుక్‌లో ఆయన రాసింది మూడు లైన్లు. ఎడమ సెండర్ గ్యాస్కెట్ మార్పు, స్ట్రెయినర్లు క్లీనింగ్, గ్రౌండ్ వైరు మార్పు, లీక్ చెక్ ఓకే. ఆ ఏడు ముక్కలూ ఒక చిన్న సీసాలో వేసి నాకిచ్చారు. ఆ తర్వాత పది గంటలు ఎగిరాక గ్యాస్కలేటర్ మళ్ళీ విప్పి చూశాం, జాలీ శుభ్రంగానే ఉంది.

సీలింగ్ గుడ్డ మీద మరక మాత్రం పోలేదు, ఏం రుద్దినా పోవట్లేదు. కుడివైపు గ్యాస్కెట్ కూడా అదే వయసుది. దాని స్క్రూలు ఐదింటికీ నిన్న సాయంత్రం తలా ఒక చుక్క ఆయిల్ పెట్టి వచ్చా.